మండీ పిల్లి గోళ్ళు

నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న చోట నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని పైన కొంగు కప్పుకుంటాను. చలికని అనుకుంటారు. చలి కాదు, నా గోళ్ళు ఎవరి కంటా పడకూడదని. అవి అందరి గోళ్ళలాంటివే. పొడుగూ లేవు, రంగూ లేదు. అయినా కాపురానికి వెళ్ళిన కొత్తలో ఆత్మకూరులో పడిన అలవాటు, ముసలితనం వచ్చినా నన్ను వదల్లేదు.

మాది ఉదయగిరి. నాయనకు బజార్లో చిన్న చిల్లర అంగడి. అయిదో తరగతి కాగానే నన్ను బడి మాన్పించారు. ఆ పై తరగతులకు మా ఇళ్ళల్లో ఆడపిల్లలు పోయేవాళ్ళు కాదు. మా అంగడికి నాలుగిళ్ళ అవతల ఒక గదిలో గ్రంథాలయం ఉండేది. రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల, మద్రాసు నుంచి ఆలస్యంగా వచ్చే పేపరు. ఆడపిల్ల అక్కడ కూర్చుని చదివితే బాగుండదని, నాయనే అంగడి కట్టేసి వస్తూ ఒక పుస్తకం ఇచ్చేసి ఇంకొకటి తెచ్చేవాడు. ఏరి తెచ్చేవాడు కాదు. మొదటి బీరువా పై అరలో మొదలుపెట్టి వరసగా తెచ్చేవాడు. అందువల్ల గ్రహణం ఎలా పడుతుందో, అగ్గిపెట్టె ఎలా చేస్తారో, పసిబిడ్డకు ఏ నెలలో ఏం పెట్టాలో, ఏనుగు తొండంలో ఎముక ఎందుకు ఉండదో, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా తలకెక్కాయి.

"మొగుడింటికి పోయి గ్రహణాలు వండి పెడతావా ఏమ్మే?" అనేది మా అవ్వ.

నాకు రోషం వచ్చేది. రోషంతో పాటు గర్వం కూడా. పెళ్ళి కుదిరే నాటికి రెండో బీరువాలో కింది అర ఒక్కటే మిగిలింది. ఈ సంగతి కాపురానికి వెళ్ళిన నెలలోనే ఆత్మకూరులో మా వీధి వీధంతా తెలిసేటట్టు చెప్పుకున్నాను. చెప్పుకోకుండా ఉంటే తర్వాత జరిగినదానిలో సగం జరిగేది కాదేమో.

అత్తగారింటిది మండీ వ్యాపారం. ముందు భాగంలో అంగడి, నడిమి గదుల్లో వడ్లు, శనక్కాయల బస్తాలు, వెనక మేము. బస్తాలున్న చోట ఎలుకలు లేకుండా ఉండవు. పెళ్ళిమాటలకు ఉదయగిరి వచ్చినప్పుడు మా అత్త మా ఇంటి పిల్లిని చూసింది. బూడిదరంగు మీద నల్లచారల ఆడపిల్లి. దాని నోట్లో అప్పుడొక పందికొక్కు ఉంది.

"అమ్మాయి వచ్చేటప్పుడు దీన్ని గూడా పంపించండి," అంది మా అత్త. నగల గురించి ఆమె అంత గట్టిగా అడగలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలు అవి. బొగ్గుల గ్యాసుతో నడిచే బస్సులో, గుడ్డ కట్టిన బుట్ట ఒళ్ళో పెట్టుకుని కాపురానికి వెళ్ళాను. దారి పొడుగునా బుట్ట ఏడ్చింది. "పాలు ఇయ్యమ్మా బిడ్డకు, ఎంతసేపు ఏడిపిస్తావు?" అని వెనక సీటులో ఒక పెద్దామె కోప్పడింది. మా ఆయన కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. ఆయన నవ్వడం నేను మొదట చూసింది అప్పుడే.

పిల్లి వచ్చిన నెలకు మండీలో ఎలుకలు కనపడటం తగ్గింది. మామ నాతో నేరుగా మాట్లాడే మనిషి కాదు. కోడలు మామ ఎదట పడటం, నోరు విప్పడం ఆ ఇంట్లో లేదు. అటువంటిది ఒకనాడు గద్దె మీద నుంచే లోపలికి వినపడేటట్టు, "ఉదయగిరి దానికి గిన్నెడు పాలు పొయ్యండి," అన్నాడు. పిల్లికే అన్నాడు, అయినా నా పుట్టింటి పేరు ఆయన నోట మంచిగా వచ్చిందని ఆ పూటంతా సంతోషంగా ఉన్నాను.

ఒక సంతనాడు అత్త గుడికి పోయి ఉంది, మామ అంగట్లో బేరంలో ఉన్నాడు. పెరటి తలుపు తీసి ఉంటే ఒక వీధికుక్క బస్తాల గదిలోకి దూరింది. పిల్లి అడుగు వరస బస్తా మీద నిద్రపోతూ ఉంది. మా ఆయన చటుక్కున దాన్ని ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. కాపాడదామనే. దానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కుక్కను చూసి ఆయన్నే చెట్టనుకుని మెడ మీదుగా, చెంప మీదుగా తలమీదికి ఎక్కేసింది. నేను చీపురు తీసుకుని కుక్కను తరిమి వచ్చేసరికి ఆయన చెవి కింద నుంచి గడ్డం దాకా గీతలు, మెడ మీద గీతలు, రక్తం.

ఇంట్లో ఇంకెవరైనా ఉంటే పసుపు అద్దేవాళ్ళు. నేను పుస్తకాలు చదివినదాన్ని గదా. జంతువు గీరిన గాయానికి టింక్చరు పూయాలని పట్టుబట్టి, పక్కింటి నుంచి సీసా తెచ్చి గీత గీతకూ పూశాను. టింక్చరు ఆరిన తర్వాత ఆ గీతలు వీధి చివర నుంచి కూడా కనిపించేటంత ముదురు రంగు తేలాయి.

మర్నాడు ఆయన అంగట్లో కూర్చున్నాడు. నేను తెర వెనక కందిపప్పు చెరుగుతూ ఉన్నాను. ఎదురుగా చింతపండు మండీ నడిపే ఆయన మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఆ గొంతు వినపడింది.

"ఏందిరా ఆ మొహం? ఎవరు గీరినారు?"

"పిల్లిరా."

అంగడంతా నవ్వు.

"మా ఇంట్లోనూ ఉండాది ఒక పిల్లి," అన్నాడు చింతపండు ఆయన. "చేతి నిండా గాజులేసుకుంటాది."

"ఉదయగిరి పిల్లి గదన్నా," అన్నాడు ఇంకొకడు. "కొండ కింద పెరిగింది, గీరక ముద్దు పెడతాదా?"

"పుస్తకాలు గూడా చదివిందంట. ఎక్కడ గీరాలో చూసుకోనే గీరుంటాది."

మా ఆయన కూడా నవ్వాడు. అది విని నా చేతిలో చేట ఆగిపోయింది. మధ్యాహ్నం భోజనానికి లోపలికి వచ్చినప్పుడు అడిగాను.

"మీరెందుకు నవ్వినారు?"

"నవ్వకపోతే నిజమనుకుంటారు."

"నవ్వితే?"

ఆయన ముద్ద కలిపాడు. "నవ్వినా అదే అనుకుంటారులే," అన్నాడు.

పిల్లి గీరిందని చెప్పే మొగుడిని ఆ ఊళ్ళో ఎవరూ నమ్మరని నాకు అప్పుడు అర్థమైంది. పెళ్ళాం చేత దెబ్బలు తిన్న ప్రతివాడూ చెప్పే మాట అదేనట. ఇంకేం చెప్పినా నమ్మేవాళ్ళేమో. తలుపు తగిలిందని చెప్పి ఉండవలసింది.

నాలుగు రోజులకు గీతలు మానుపడుతున్నాయి గాని మాట మానలేదు. మా ఆయనకూ విసుగు వచ్చింది. ఒక సాయంత్రం చింతపండు ఆయన ఇంకో ఇద్దరితో వచ్చి మళ్ళీ మొదలుపెడితే, "ఉండండిరా, చూపిస్తా," అని లోపలికి వచ్చి పిల్లిని తీసుకుపోయాడు. నేను తెర సందులోంచి చూస్తున్నాను. దేవుడా, గీరవే, ఒక్కసారి గీరవే అని మనసులో దాన్ని బతిమాలాను. కొత్త మనుషులు, గోల. అది బెదిరి గీరాల్సింది. చింతపండు ఆయన దాన్ని అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. అది చుట్ట చుట్టుకుని, కళ్ళు మూసుకుని, గురగురలాడటం మొదలుపెట్టింది. ఆయన దాని కాలు పట్టి లాగాడు, తోక పట్టి లాగాడు. గోరు బయటికి రాలేదు.

"ఇదా నిన్ను గీరింది? ఇది ఈగను గూడా తోలదు గదరా!"

బజారు బజారంతా నవ్విన నవ్వు అది. తెర వదిలేసి వంటింట్లోకి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నాను.

మర్నాటి నుంచి మంచినీళ్ళ బావి దగ్గర ఆడవాళ్ళు నా ముఖం చూడటం మానేసి నా చేతులు చూడటం మొదలుపెట్టారు. చేద లాగుతుంటే నా వేళ్ళ మీదే వాళ్ళ కళ్ళు. ఇదంతా వాళ్ళు గుసగుసగా కూడా అనుకోలేదు. మా వైపు గుసగుస అలవాటు లేదు.

"ఆ గోళ్ళేనా అక్కా?"

"ఆ గోళ్ళే. చూడు, ఎంత ఉండాయో."

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. అది కూడా నా చదువు మీద నమ్మకంతోనే. ఏ విషయమైనా కంటికి కనిపించేలా రుజువు చేస్తే జనం ఒప్పుకుంటారని చదివాను. గోళ్ళే లేకపోతే గీరడం ఎక్కడిది? మంగళవారం, శుక్రవారం కాకుండా చూసుకుని, పెరట్లో కూర్చుని మా ఆయన గడ్డం గీసుకునే బ్లేడుతో పది వేళ్ళ గోళ్ళూ చిగురు దాకా తీసేశాను. రెండు వేళ్ళు తెగి రక్తం కూడా వచ్చింది. మర్నాడు కావాలనే చేతులు చాపి చేద అందుకున్నాను.

ఒక ముసలామె దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో తల్లీ," అంది. "చేసింది తప్పే గాని, రక్తం వచ్చేటట్టు తీయించినారే నీ గోళ్ళు! మీ అత్త పట్టుకునిందా, మీ ఆయన పట్టుకున్నాడా?"

నేను బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చేశాను. నేరం లేదని చూపించబోయి నేరమూ శిక్షా రెండూ నా చేతులతో నేనే చూపించి వచ్చాను.

ఆ మాట మా అత్త చెవిన పడటానికి పూట పట్టలేదు. ఆమె నోరు పెద్దదే గాని మనసు చెడ్డది కాదు. ఇంతవరకూ జరిగినదంతా ఆమెకు నవ్వులాటగానే ఉండింది. ఇప్పుడు తన పేరుకే వచ్చింది.

"కోడలి గోళ్ళు కోసిన అత్తనంటమ్మా నేను!" అని వంటింటి గడపలో కూలబడింది. "ముప్పై ఏళ్ళు కాపురం చేసినా నా మీద ఒక మాట రాలా. ఇంతకీ గీరింది ఆ పాడు పిల్లి. దాని గోళ్ళు పీకిస్తే సరి, దెబ్బకు అందరి నోళ్ళూ మూతపడతాయి."

"గోళ్ళు పీకిస్తే అది ఎలుకల్ని ఎట్టా పడతాది అత్తా?"

"నోటితో పడతాది. నీకెందుకు?"

అప్పుడు నేను రెండో బీరువాలోని పుస్తకాన్ని బయటికి తీశాను. తీయడమంటే నోటితోనే. పిల్లి గోరు మన గోరులా చర్మం మీద మొలిచింది కాదు, వేలి చివరి ఎముకకే అతుక్కుని ఉంటుంది, వేరుతో పీకాలంటే వేలి కొసను కణుపు దగ్గర నరికినట్టే, అని ఆమెకు వేలు పట్టుకుని చూపించాను. బొమ్మ కూడా వేసి ఉందని చెప్పాను. చెబుతుంటే నా గొంతులో కొంచెం గొప్ప కూడా వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు మరీ సిగ్గు.

"పిల్లి గోళ్ళ మీద గూడా పుస్తకాలు రాస్తారా?" అంది అత్త. "పనీ పాటా లేనోళ్ళు రాసేది, మొగుడు మొహం గీరించుకోని వచ్చినప్పుడు నువ్వు చదివేది."

మామకు కబురు వెళ్ళింది. ఆయనా సరేనన్నాడు. సంతనాడు ఎద్దులకు లాడాలు కొట్టడానికి వచ్చే సాయిబును పిలిపించి, అంగడి ముందే, నలుగురూ చూస్తుండగా చేయించాలని నిర్ణయం. లోపల చేయిస్తే లాభం లేదు గదా. ఊరు చూడాలి.

సంతకు ఇంకా కొన్ని రోజులుంది. ఆ రోజుల్లో నా గోళ్ళు లేని వేళ్ళతో నేను పడిన బాధ ఇంకొకటి. వెల్లుల్లి రేకు వలవలేకపోయాను. నేల మీద పడిన సూది పైకి తీయలేకపోయాను. మల్లెపూలు కట్టబోతే నారకు ముడి పడలేదు. శనక్కాయ పొట్టు ఊడదీయడానికి పళ్ళు వాడాల్సి వచ్చింది. పిల్లి వచ్చి పక్కన కూర్చుని, గోతంపట్టా మీద గోళ్ళు దువ్వుకుంటూ నన్ను చూసేది. నావి మళ్ళీ వస్తాయి. దానివి రావు. పుస్తకంలో చదివినప్పుడు అది నాకొక కొత్త విషయం, అంతే. ఇప్పుడు వేళ్ళకు తెలిసింది.

మా ఆయన్ను అడిగాను, వద్దని చెప్పమని. "నాయన మాట నేను కాదంటే నువ్వు నన్ను కొంగున కట్టేసుకున్నావంటారు," అన్నాడు. అది నిజమే. అప్పటికే అంటున్నారు.

సంతనాడు పొద్దున సాయిబు వచ్చాడు. సంచిలోంచి పటకారు, ఉలి తీసి రాయి మీద పెట్టాడు. పిల్లిని తల మాత్రం బయట ఉండేటట్టు గోతంలో కట్టి మెట్టు మీద పెట్టారు. అది అరవలేదు. బుట్టలో బస్సంతా వినపడేలా ఏడ్చిన పిల్లి, అప్పుడు నోరు మెదపకుండా అటూ ఇటూ చూస్తూ ఉంది. మామ గద్దె మీద, మా ఆయన త్రాసు దగ్గర, చింతపండు ఆయన, సంతకొచ్చిన జనం. నేను, అత్త తలుపు వెనక.

సాయిబు గోతంలోంచి ఒక కాలు బయటికి లాగి, వేలు నొక్కి గోరు చూశాడు. "శెట్టిగారూ, కత్తిరిస్తే మళ్ళీ వస్తాయి. వేరుతో తీయమంటారా?"

"వేరుతోనే."

సాయిబు పటకారు అందుకుని చిన్నగా నవ్వాడు. "తీస్తాను గానీ, గీరింది ఇదేనా? సంతలో ఇంకో రకంగా చెప్పుకుంటా ఉండారు."

జనం నవ్వారు. మామ ముఖం ఎర్రబడింది. "ఇదే. దీని గోళ్ళే. తియ్యి."

నాకు తెలియకుండానే అంగడి గడప దాటాను. అంతవరకూ ఆ గడప అవతల నా కాలు పడింది లేదు. తలకొంగు కూడా లేదు.

"పిల్లి కాదు," అన్నాను. "నేనే గీరినాను."

నా గొంతు మామ వినడం అదే మొదటిసారి. త్రాసు పళ్ళెం ఒకటి ఠంగుమని నేలకు తగిలింది. మా ఆయన తూకంరాయి చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. కాదు, అది అబద్ధం, అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటాడేమో అని భయపడ్డాను, అంటే బాగుండునని ఆశపడ్డాను. ఆయన రాయి కింద పెట్టి, మెట్టు దగ్గరికి వచ్చి, గోతం మూతి విప్పేశాడు. పిల్లి ఒక్క దూకుతో బస్తాల మీదికి పోయింది.

ఎవరూ నవ్వలేదు. అంతవరకూ నవ్విన వాళ్ళంతా తలలు దించుకున్నారు. నవ్వులాటకు అన్నారు గాని నిజమని ఒప్పుకుంటారని ఎవరూ అనుకోలేదు గదా. సాయిబు పటకారు సంచిలో వేసుకున్నాడు. మామ గద్దె దిగి, చెప్పులేసుకుని, ఎటో వెళ్ళిపోయాడు. 

అత్తకు నిజం తెలుసు. లోపలికి వచ్చాక నా జబ్బ పట్టుకుని, "పిల్లి కోసరం మా పరువంతా తీసి సంతలో పోసినావు గదే," అంది. మా ఆయన చేతులు కడుక్కుంటూ అన్నాడు: "నేను నిజం చెప్తే ఒక్కడూ నమ్మలా. నువ్వు అబద్ధం చెప్తే అందరూ నమ్మినారు."

ఇంతటితో అయిపోయి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని. మండీల మధ్య బస్తాలతో పాటు మాటలు కూడా పోతుంటాయి. వారం తిరక్కుండానే ఉదయగిరి బస్సులో నాయన దిగాడు. ఆకులు, వక్కలు, అరటిపళ్ళు పళ్ళెంలో పెట్టుకుని, మామ ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బిడ్డ తప్పు చేసింది. క్షమించండి బావగారూ. తప్పు దానిది గాదు, నాది. బడి మాన్పించినాక ఊరికే ఉండకుండా పుస్తకాలు తెచ్చిచ్చినాను. నేనే చెడగొట్టినాను."

మామ పళ్ళెం అందుకున్నాడు. తలుపు వెనక నేను రెండు చేతులూ చంకల్లో దాచుకుని విన్నాను. నాయన చేత ఆ మాట అనిపించింది నేను. పిల్లి గోళ్ళు మిగిలాయి గాని, రోజూ సాయంత్రం పుస్తకం చంకలో పెట్టుకుని నడిచి వచ్చే మనిషి తల వంచుకుని, ఆ పుస్తకాలనే తప్పు పట్టాల్సి వచ్చింది.

బస్సు దాకా సాగనంపడానికి అత్త ఒప్పుకుంది. దారిలో చెప్పాను.

"నాయనా, నేను గీరలేదు. పిల్లే గీరింది. దాని గోళ్ళు పీకిస్తుంటే చూడలేక అట్టా అన్నాను."

నాయన నా వైపు చూశాడు. కోపం లేదు. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"పోనీలేమ్మా," అన్నాడు. "అందరూ పిల్లేననే చెప్తారు. ఇకనైనా జాగ్రత్తగా ఉండు."

ఆయన బస్సెక్కి, ఒళ్ళో సంచి పెట్టుకున్నాడు. సంచి మూతి దగ్గర గ్రంథాలయం పుస్తకం అట్ట కనిపించింది. ఎప్పటిలాగే నాకోసం తెచ్చాడు. నేను చూడటం చూసి, తువ్వాలు పైన కప్పి, లోపలికి నెట్టాడు. బస్సు కదిలింది.

పిల్లి ఆ మండీలో చాలా ఏళ్ళు బతికింది. దాని పిల్లల పిల్లలు ఎదురుగా ఉన్న చింతపండు మండీలోనూ ఎలుకలు పట్టాయి. మామ నన్ను పలకరించడానికి నా మొదటి బిడ్డ పుట్టేదాకా పట్టింది. నా గోళ్ళు మామూలుగానే పెరిగాయి. బావి దగ్గర మాత్రం కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిలకు దూరం నుంచి నా చేతులు చూపించేవాళ్ళు. చేద లాగేటప్పుడు వేళ్ళు లోపలికి ముడుచుకుని లాగడం నేర్చుకున్నాను.

పురిటికి ఉదయగిరి వెళ్ళినప్పుడు అవ్వ చెప్పింది, ఆత్మకూరు నుంచి తిరిగి వచ్చిన మర్నాడే నాయన ఆ పుస్తకం ఇచ్చేసి వచ్చాడని, తర్వాత గ్రంథాలయం మెట్లెక్కలేదని. నేను తెమ్మని అడగలేదు. రెండో బీరువా కింది అరలో ఏమున్నాయో నాకు ఇప్పటికీ తెలియదు.